నాన్నగారికి సెన్సర్, మేనకోడలికి కృత్రిమ క్లోమం: ఎవరికి ఏది?

అమ్మా, ఒకే ప్రశ్నలో మీరు మూడు ప్రశ్నలు అడిగారు. భీమవరం అవతల రొయ్యల చెరువులు చూసుకునే మీ నాన్నగారికి 62 ఏళ్లు, పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. రెండు పూటలా మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర, పడుకోబోయే ముందు గ్లార్జిన్ ఇన్సులిన్. ఈ మధ్య తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు పట్టి లేస్తున్నారు. ఆయనకు చక్కెరను రాత్రింబగళ్లు కొలుస్తూ ఉండే, చేతికి అంటించే సెన్సర్ కొనాలా, ఆన్‌లైన్‌లో అమ్ముతున్న షుగర్ వాచీ సరిపోతుందా అన్నారు. ఇక మీ మేనకోడలికి పదమూడేళ్లు, నిరుడు టైప్ 1, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని రకం షుగర్, అని తేలింది, రోజుకు నాలుగు ఇంజెక్షన్లు. అమెరికాలో డేనా లూయిస్ అనే పరిశోధకురాలు తన కృత్రిమ క్లోమాన్ని, అంటే చక్కెర చూసుకుంటూ ఇన్సులిన్‌ను దానంతటదే సర్దే ఏర్పాటును, తానే తయారు చేసుకున్నారని చదివి, ఈ పిల్లకూ అలాంటిది మనం చేయించుకోలేమా అని అడిగారు.

నేను డాక్టర్ని కాను. ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్, కంట్రోల్ సిస్టమ్స్ చెప్పి రిటైరయ్యాను. చదువుకునే రోజుల నుంచి టైప్ 1 ఉంది. మూత్రం వేడి చేసి రంగు చూసుకున్న కాలం నుంచి ఫోనులో గీత చూసుకునే కాలం దాకా అన్నీ నా ఒంటి మీదుగానే వెళ్లాయి. మందుల మోతాదు మీ డాక్టరుగారే చెప్పాలి. యంత్రాల సంగతి మాత్రం ధైర్యంగా చెప్పగలను.

వాచీ సంగతి ముందే తేల్చేద్దాం. సూది గుచ్చకుండా చక్కెర కొలుస్తామనే వాచీ గానీ ఉంగరం గానీ ఒక్కదానికి కూడా తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరిక జారీ చేసింది. ఒంటికి అంటించిన సెన్సర్ పంపే అంకెను తెర మీద చూపించే వాచీలు వేరు, వాటితో పేచీ లేదు. తానే కొలుస్తానని చెప్పుకునే వాచీ చూపించే అంకెను నమ్మి ఇన్సులిన్ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. కొనకండి. ఎవరైనా కానుకగా ఇస్తే టైము చూసుకోవడానికి పెట్టుకోమనండి.

డేనా లూయిస్ కథ మాత్రం తీరిగ్గా చెప్పుకోవాలి, ఎందుకంటే పత్రికల్లో వచ్చిన కథకు తోక మాత్రమే ఉంది, తల లేదు. ఆమె డాక్టరు కాదు, ఇంజనీరూ కాదు. డిగ్రీలో చదివింది ప్రజా సంబంధాలు. పద్నాలుగో ఏట టైప్ 1 వచ్చింది. ఉద్యోగం కోసం సియాటిల్‌లో ఒంటరిగా ఉంటున్నప్పుడు ఆమెకు పట్టుకున్న భయం ఒక్కటే: రాత్రి నిద్రలో చక్కెర పడిపోతే సెన్సర్ అలారం మోగుతుంది గానీ, ఆ చిన్న చప్పుడుకు తనకు మెలకువ రాదు. చప్పుడు పెంచమని తయారీదారులను అడిగినా ఫలితం లేకపోయింది. 2013 చివర్లో జాన్ కోస్టిక్ అనే తండ్రి, తన చిన్న కొడుకు సెన్సర్ నుంచి అంకెలను బయటకు లాగి ఇంటర్నెట్‌లో చూసుకుంటున్న సంగతి ఆమె కంటపడింది. ఆయన తన ప్రోగ్రామును ఆమెతో పంచుకున్నారు. అప్పటి స్నేహితుడు, తరువాత భర్త అయిన స్కాట్ లైబ్రాండ్‌తో కలిసి ఆమె చేసిన మొదటి పని కృత్రిమ క్లోమం కానే కాదు, గట్టిగా మోగే అలారం. ఆమె లేవకపోతే ఆ సంగతి స్కాట్ ఫోనుకు కూడా తెలిసేలా ఏర్పాటు చేసుకున్నారు.

ఆ తరువాతే ఒక్కొక్కటీ చేరాయి. తిన్న పిండిపదార్థం ఎంతో, వేసుకున్న ఇన్సులిన్ ఎంతో తానే నమోదు చేస్తూ, వచ్చే గంట రెండు గంటల్లో చక్కెర ఎటు పోతుందో కంప్యూటర్ చేత లెక్క కట్టించారు. ఆ లెక్క నిజమవుతోందని నమ్మకం కుదిరాక, చర్మం కిందికి ఇన్సులిన్ ఎక్కించే పంపుతో రేడియో ద్వారా మాట్లాడే దారిని బెన్ వెస్ట్ అనే మరో టైప్ 1 ఇంజనీరు కనిపెట్టి ఉండటంతో, 2014 డిసెంబరులో సెన్సర్, కంప్యూటర్, పంపు మూడింటినీ కలిపారు. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటర్, ఒక బ్యాటరీ, ఒక రేడియో పుల్ల: అంతే సామగ్రి. 2015 ఫిబ్రవరిలో ఆ నమూనాను అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. దాని పేరు ఓపెన్ ఏపీఎస్. అనుమతి లేని వైద్య పరికరాన్ని చేసి పంచిపెట్టకూడదు కాబట్టి, ఎవరిది వాళ్లే చేసుకోవాలన్న పద్ధతి పెట్టారు.

ఇందులో కష్టం ఎక్కడుందో డెల్టా వాళ్లకు చెప్పడం తేలిక. ధవళేశ్వరం దగ్గర కాలువకు వదిలిన నీరు శివారు బోదెకు చేరేసరికి రోజులు పడుతుంది. మడి ఎండిపోతోందని శివారు రైతు కబురు పెట్టాక తలుపు ఎత్తితే ఆలస్యమే. చాలని దించేసినా, దారిలో ఉన్న నీరు వచ్చి తీరుతుంది, వెనక్కి పిలవలేం. చర్మం కింద వేసిన ఇన్సులిన్ అచ్చం అంతే. త్వరగా పనిచేస్తుందనే రకం కూడా పావుగంటకు మొదలై, గంట, గంటన్నరకు ఉద్ధృతమై, మూడు నాలుగు గంటల పాటు పనిచేస్తూనే ఉంటుంది. పైగా సెన్సర్ చూసేది రక్తాన్ని కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవాన్ని. అక్కడి చక్కెర రక్తంలోని చక్కెర కంటే ఐదు నుంచి పదిహేను నిమిషాలు వెనకబడి ఉంటుంది. కొలతలో ఆలస్యం, పనిచేయడంలో అంతకంటే పెద్ద ఆలస్యం. కంట్రోల్ సిస్టమ్స్ పాఠం చెప్పిన ఎవరికైనా ఈ రెండూ కలిస్తే జరిగేది తెలుసు: ఊగిసలాట. ఎక్కువైందని గబగబా మందు వేస్తే కాసేపటికి పాతాళానికి పోతుంది, పడిందని గబగబా తింటే ఆకాశానికి ఎక్కుతుంది.

ఓపెన్ ఏపీఎస్ రూపకర్తల మీద నాకు గౌరవం కలిగింది వాళ్ల తెలివిని చూసి కాదు, జాగ్రత్తను చూసి. మొదటి నమూనాలో కంప్యూటర్‌కు ఒక్కసారిగా పెద్ద మోతాదు ఇచ్చే అధికారమే ఇవ్వలేదు. పంపు నుంచి నిరంతరం కొద్దికొద్దిగా వెళ్లే బేసల్ ఇన్సులిన్‌ను పెంచడం, తగ్గించడం, ఆపడం, అంతవరకే. అది కూడా అరగంట గడువు ఉన్న తాత్కాలిక ఆదేశంగా. బ్యాటరీ అయిపోయినా, రేడియో అందకపోయినా, ప్రోగ్రాము మొరాయించినా, అరగంట తిరిగేసరికి పంపు డాక్టరు పెట్టిన పాత వేగానికి తనంతట తానే వచ్చేస్తుంది. యంత్రం చెడిపోయినప్పుడు మనిషి ఏ స్థితిలో ఉంటాడన్నది ముందు ఆలోచించి, బాగున్నప్పుడు ఏం చేయాలన్నది తరువాత ఆలోచించారు. నా విద్యార్థులకు ఈ వరస ఎక్కించడానికి ఏళ్లు పట్టేది.

ఇది ఇంటి వైద్యంగా మిగిలిపోలేదు. ఈ లెక్కలతోనే నడిచే వ్యవస్థను న్యూజీలాండ్‌లో 97 మంది టైప్ 1 పిల్లల మీద, పెద్దల మీద 24 వారాలు పరీక్షించారు. 2022లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఆ పత్రం రచయితల్లో లూయిస్ కూడా ఒకరు. చక్కెర 70 నుంచి 180 మధ్య ఉన్న కాలం ఈ వ్యవస్థ పెట్టుకున్నవారిలో 61 శాతం నుంచి 71 శాతానికి పెరిగింది. మామూలు సెన్సర్, పంపు విడివిడిగా వాడినవారిలో పెరగకపోగా కాస్త తగ్గింది. రెండు గుంపుల మధ్య తేడా రోజుకు సుమారు మూడు గంటల ఇరవై నిమిషాలు. ప్రమాదకరంగా చక్కెర పడిపోవడం గానీ, ఇన్సులిన్ చాలక రక్తంలో ఆమ్లం పేరుకునే కీటోఅసిడోసిస్ గానీ ఏ గుంపులోనూ లేదు. అలాగని అంతా పూలబాట కాదు. అనుమతి లేని పరికరాలను కలిపి వాడిన ఒకరికి ఇన్సులిన్ ఎక్కువై ప్రమాదం జరిగిందని ఎఫ్‌డీఏ 2019లో హెచ్చరించింది.

ఇప్పుడు మీ ఇంటికి వద్దాం. లూయిస్ మొదలుపెట్టింది పరికరంతో కాదు, ఫలానా వేళకు వచ్చే ఫలానా భయంతో. మీరు కూడా అక్కడి నుంచే మొదలుపెట్టండి. మీ నాన్నగారి చిక్కు ఏ వేళకు వస్తోంది? తెల్లవారుజామున. ఆ వేళకు ఆయన ఎక్కడుంటారు? చెరువులో ఆక్సిజన్ తగ్గే వేళ కూడా అదే కాబట్టి, ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకుంటూ టార్చిలైటు పట్టుకుని గట్టు మీద తిరుగుతుంటారు. చక్కెర పడిపోయి కళ్లు తిరిగితే పక్కన మంచం ఉండదు, నీళ్లుంటాయి. మీరు రాసినదాంట్లో నన్ను కంగారు పెట్టింది ఇదొక్కటే.

అందుకే సెన్సర్ కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది, దానికి ఖర్చు కూడా పెద్దగా లేదు. రెండు మూడు రాత్రులు మూడు గంటలకు అలారం పెట్టుకుని గ్లూకోమీటర్‌తో చూడమనండి. చెమట పట్టి లేచినప్పుడల్లా కూడా చూడాలి. 70 కంటే తక్కువ ఒక్కసారి వచ్చినా ఆ కాగితం పట్టుకుని మర్నాడే డాక్టరుగారి దగ్గరికి వెళ్లండి. గ్లిమెపిరైడ్ అనే మందు క్లోమాన్ని పిండి ఇన్సులిన్ రప్పిస్తుంది, కడుపులో అన్నం ఉందా లేదా అన్నది దానికి పట్టదు. దానికి తోడు రాత్రి ఇన్సులిన్, మేత వేళల హడావిడిలో ఆలస్యమైన భోజనం, గట్ల మీద నడక. ఈ నాలుగూ కలిస్తే తెల్లవారుజామున చక్కెర పడిపోవడంలో వింత లేదు. మూత్రపిండాల పనితీరు తగ్గి ఉంటే ముప్పు ఇంకా పెరుగుతుంది, కాబట్టి వాటి పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష ఈ మధ్య చేయించారో లేదో కనుక్కోండి. మాత్రో, రాత్రి మోతాదో మార్చాలేమో డాక్టరుగారిని సూటిగా అడగండి. మీరే తగ్గించకండి. చాలామంది ఇళ్లలో వేలు పోసి సెన్సర్ పెట్టించాక తేలేది కూడా ఇదే, మందుల చీటీ సవరించాలని.

ఈలోగా ఆయన చొక్కా జేబులో గ్లూకోజ్ పొడి పొట్లం ఎప్పుడూ ఉండాలి. వణుకు, చెమట, చిరాకు రాగానే మూడు టీస్పూన్లు నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలి. ఇంట్లో ఉంది కదా అని పూతరేకో పాలకోవానో పెట్టకండి. నెయ్యి, పాలకొవ్వు ఉన్నచోట చక్కెర రక్తంలోకి నెమ్మదిగా ఎక్కుతుంది, మనకు కావలసింది వేగం. స్పృహ లేకపోతే నోట్లో ఏదీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108 పిలవాలి. చెరువు మీద పనిచేసే కుర్రాళ్లకు కూడా ఈ రెండు ముక్కలు చెప్పి ఉంచండి, ఆ వేళకు పక్కన ఉండేది వాళ్లే.

ఇవన్నీ అయ్యాక, అవును, ఆయనకు ఒక సెన్సర్ పెట్టించండి. ఒక్కటే. పద్నాలుగు రోజులు. ఏడాది పొడవునా అక్కర్లేదు. మందులు మార్చిన కొత్తలో ఒకటి, మళ్లీ ఏ ఆరు నెలలకో అవసరమనిపిస్తే ఇంకొకటి. నాలుగైదు వేల రూపాయల వస్తువు కాబట్టి ఆ రెండు వారాల నుంచి పిండగలిగినంతా పిండుకోవాలి. అందుకు కావలసింది ఒక నోటుపుస్తకం. ఏం తిన్నారు, ఎన్నింటికి, తరువాత నడిచారా పడుకున్నారా, ఇన్సులిన్ ఎన్నింటికి వేసుకున్నారు: ఇంతే రాయాలి. ఆ రాత లేకుండా సెన్సర్ గీసిన చక్కెర గీతను మాత్రమే చూసి ఏ డాక్టరూ ఏమీ చెప్పలేరు. "పొద్దున ఏడున్నర, నాలుగు ఇడ్లీ, చట్నీ, కాఫీ చక్కెరతో" అని ఒకరోజు, "రెండు పెసరట్లు, అల్లం చట్నీ, చక్కెర లేని కాఫీ" అని ఇంకోరోజు రాసి ఉంటే, రెండు గీతలనూ పక్కపక్కన పెట్టి చూసిన మనిషికి ఉపన్యాసం అక్కర్లేదు. ఒకరోజు మధ్యాహ్నం అన్నం సగం చేసి, ముందు కూర, చేప ముక్క తిని, ఆ తరువాత అన్నం కలుపుకోమనండి. వరస మార్చినందుకే శిఖరం ఎంత దిగిందో కళ్లారా చూస్తారు. భోజనం చేసిన పావుగంటకు గట్టు మీద ఒక చుట్టు తిరిగి వచ్చిన రోజు గీతను, వాలు కుర్చీలో ఒరిగిన రోజు గీతతో పోల్చమనండి.

గీతలో చూడవలసిన అంకెలు రెండే. వయసు మళ్లినవారికి, చక్కెర పడిపోయే ముప్పు ఉన్నవారికి 2019 అంతర్జాతీయ ఏకాభిప్రాయం పెట్టిన లక్ష్యం ప్రకారం, రోజులో సగానికి పైగా 70-180 మధ్య ఉండాలి, 70 కంటే కింద ఒక శాతం కూడా ఉండకూడదు. అంటే రోజులో పావుగంట. మామూలు వారికి అవి 70 శాతం, 4 శాతం. నాన్నగారి విషయంలో పై అంకె కంటే కింది అంకె ముఖ్యం.

సెన్సర్‌కూ తిక్కలుంటాయి. సెన్సర్ ఉన్న చేతి మీద ఒత్తిగిలి పడుకుంటే అక్కడి ద్రవం నొక్కుకుపోయి, చక్కెర పడిపోయిందని అబద్ధపు అలారం మోగుతుంది. అలారం మోగితే ముందు పక్కకు తిరగండి, వేలి రక్తం చూసుకోండి, తరువాత గ్లూకోజ్. ఒంట్లో చెమట లాంటి లక్షణాలు ఉంటే మాత్రం కొలత కోసం ఆగక్కర్లేదు. విటమిన్ సి మాత్రలు పెద్ద మోతాదులో వేసుకుంటే కొన్ని సెన్సర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. చెరువులో దిగే మనిషికి ఇంకో సంగతి: మీటరు లోతులో అరగంట వరకు తట్టుకుంటుందని తయారీదారులు రాస్తారు గానీ, బుగ్గి పట్టిన చెమట ఒంటికి జిగురు అసలు అంటుకోదు. స్నానం చేసి, పూర్తిగా ఆరాక, నూనె రాయని చర్మం మీద, దండచెయ్యి వెనక వైపు పెట్టించండి. అలారం ఫోనుకు వచ్చే రకమైతే ఫోను ఆరేడు మీటర్లకు మించి దూరంలో ఉండకూడదు. పాకలో ఛార్జింగ్ పెట్టి గట్టు మీదకు వెళితే అలారం పాకలో మోగుతుంది.

గ్లూకోమీటర్‌ను చిన్నచూపు చూడకండి. రేపు సెన్సర్ వచ్చినా తగువు తీర్చేది అదే. 1962లో లీలాండ్ క్లార్క్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఎలక్ట్రోడు మీద గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును నిలబెట్టి చక్కెర కొలవచ్చని చెప్పారు. మనం వాడే స్ట్రిప్పు, చేతికి అంటించే సెన్సర్ రెండూ ఆ ఆలోచన సంతానమే. ఎంజైము అంటే సున్నితమైన సరుకు, తేమ తగిలితే పాడవుతుంది. మన దగ్గర గాలిలో తేమకు కొదవేముంది? స్ట్రిప్పుల డబ్బా మూత తీసి పెట్టి, ఫోను మాట్లాడి వచ్చి మూత పెట్టడం చాలా ఇళ్లలో చూస్తుంటాను. ఆ మూత లోపల తేమ పీల్చే పొడి ఉంటుంది, అందుకే స్ట్రిప్పు తీసిన మరుక్షణం టక్కున మూసేయాలి. స్ట్రిప్పులను ఇంకో డబ్బాలోకి మార్చకూడదు, ఫ్రిజ్‌లో పెట్టకూడదు.

వేలి సంగతి కూడా వినండి. మామిడిపండు కోసిన చేత్తోనో, బెల్లం ముట్టుకున్న చేత్తోనో రక్తం చూస్తే అంకె ఎక్కడికో పోతుంది. స్పిరిట్ దూదితో తుడిస్తే చాలదు, సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. మీటరు బాగున్నా, అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15197 ప్రకారం నూటికి తొంభై అయిదు కొలతలు అసలు విలువకు పదిహేను శాతం అటూ ఇటూ లోపు ఉంటే చాలు. వంద కంటే తక్కువ ఉన్నప్పుడు పదిహేను మిల్లీగ్రాములు. అసలు 200 ఉంటే 170 అన్నా 230 అన్నా మీటరు తప్పు చెప్పినట్టు కాదు. అంచేత వెంటవెంటనే రెండుసార్లు చూసి "ఇరవై తేడా వచ్చింది, ఇది డొక్కు మీటరు" అని పారేయకండి.

ఇక మన ప్రాంతం గురించి ఒక మాట, ఎందుకంటే పరికరం కొంటే పని అయిపోయిందనుకునే వాళ్లు మీ ఒక్కరే కాదు. ఉభయ గోదావరి జిల్లాల్లోని 20 గ్రామాల్లో ముప్పై దాటినవారిని పరీక్షించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో 13.2 శాతం మందికి మధుమేహం తేలింది. అందులో దాదాపు సగం మందికి అప్పటిదాకా ఆ సంగతే తెలియదు. పల్లెల్లో కాయకష్టం చేసేవాళ్లకు షుగర్ రాదన్న మాటకు అప్పుడే కాలం చెల్లింది. తరువాత పశ్చిమ గోదావరిలోనే జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ వాళ్లు స్మార్ట్‌హెల్త్ అనే ప్రయోగం చేశారు. 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, 54 గ్రామాలు. ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్ ఇచ్చారు. ఇంటికి వెళ్లి రక్తపోటు వగైరా నమోదు చేస్తే, గుండెజబ్బు ముప్పు ఎంతో ట్యాబ్ లెక్కకట్టి చెబుతుంది, ఆ వివరం డాక్టరుకు చేరుతుంది. 2019లో వచ్చిన ఫలితం చూడండి: ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లడం బాగా పెరిగింది, రక్తపోటు అదుపులోకి వచ్చినవారి సంఖ్యలో మాత్రం తేడా రాలేదు. యంత్రం, ఆశా కార్యకర్త తమ పని తాము చేశారు. డాక్టరు గది గుమ్మం దాటాక జరగాల్సినది, అంటే మందు రాయడం, ఆ మందు దొరకడం, మనిషి దాన్ని నెలల తరబడి వదలకుండా మింగడం, ఇవి ట్యాబ్ చేసే పనులు కావు. ఆ ప్రయోగాన్ని విఫలమని తీసిపారేసేవాళ్లతో నేను ఒప్పుకోను. గొలుసులో ఏ లంకె బలహీనంగా ఉందో అంత నిక్కచ్చిగా చూపించిన పరిశోధన మన ప్రాంతం గురించి ఇంకొకటి చూడలేదు. నాన్నగారి సెన్సర్ గీత కూడా ఫోనులో ఉండిపోతే అంతే. ముద్రించి, నోటుపుస్తకంతో కలిపి డాక్టరుగారి బల్ల మీద పెట్టండి.

మేనకోడలి విషయం పూర్తిగా వేరు. నాన్నగారి ఒంట్లో ఇన్సులిన్ ఇంకా కొంత తయారవుతుంది. ఆ పిల్లకు అది లేదు. ఇడ్లీ తిన్నా, పరుగు పందెంలో పాల్గొన్నా, పరీక్ష భయం పట్టుకున్నా, జ్వరం వచ్చినా ప్రతిసారీ లెక్క మనిషే కట్టాలి. డబ్బు ఒక్కచోటే పెట్టగలిగితే పంపు మీద కంటే ముందు అలారం మోగే సెన్సర్ మీద, అది కూడా నిరంతరంగా, పెట్టమంటాను. నెలకు రెండు సెన్సర్లు, అంటే ఏడాదికి లక్ష దాటుతుంది, తెలుసు. అంత వీలుకాకపోతే ఎదుగుదల వయసులో మోతాదులు మారే నెలల్లో, పరీక్షల కాలంలో, జబ్బు చేసినప్పుడు పెట్టి, మిగిలిన రోజుల్లో స్ట్రిప్పులతో నడపవచ్చు. టైప్ 1 పిల్లకు స్ట్రిప్పుల దగ్గర మాత్రం పొదుపు వద్దు. అంకెలు తల్లి ఫోనులో కూడా కనబడే ఏర్పాటు ఉన్న రకం తీసుకోండి. రాత్రిపూట గంటగంటకూ లేచి పిల్ల నుదురు తడిమి చూసే తల్లికి అది ఇచ్చే నిద్ర విలువ ఏ పరిశోధన పత్రంలోనూ పూర్తిగా కనబడదు.

మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఒక్కదాన్నే పట్టుకుని పిల్లను మందలించకండి. ఇనుము లోపంతో వచ్చే రక్తహీనత ఉంటే ఆ పరీక్ష ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో మన దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఎదిగే ఆడపిల్లకు హిమోగ్లోబిన్ చూపించకుండా ఆ సగటును నమ్మడం తొందరపాటు.

మరి ఇంట్లో చేసుకునే కృత్రిమ క్లోమం? ఇప్పుడే వద్దంటాను. లూయిస్ వాడిన పాత పంపులు పనికొచ్చింది వాటి రేడియో భద్రతలో ఉన్న లొసుగు వల్ల. కొత్త పంపుల్లో కంపెనీలు ఆ దారి మూసేశాయి. ఆ తరువాత వచ్చిన, ఇవే లెక్కలను ఫోనులో నడిపే ఆండ్రాయిడ్ పద్ధతికి కూడా పొసిగే పంపు, దాని సూదులు, గొట్టాలు నెలనెలా దొరకాలి, ప్రోగ్రాము మొరాయించిన రాత్రి సరిచేయగల మనిషి ఇంట్లోనే ఉండాలి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మేనమామ చేసిపెట్టి వెళ్లిపోతే కుదరదు. లూయిస్ కూడా ఎవరికీ తయారుచేసి ఇవ్వలేదు. చేసుకునే క్రమంలోనే వాడేవాళ్లకు లోతుపాతులు తెలుస్తాయన్నది ఆ పద్ధతిలో ఇమిడి ఉన్న రక్షణ. కంపెనీలు చేసిన వ్యవస్థలు 2016 నుంచి ఉన్నాయి, ఒకదాన్ని మించి ఒకటి మెరుగవుతున్నాయి. పదకొండు నెలల వయసులో కొడుక్కి టైప్ 1 వస్తే వాడి కోసం యంత్రం చేస్తానని పట్టుబట్టిన బోస్టన్ ప్రొఫెసర్ ఎడ్ డమియానో పరికరానికి అనుమతి 2023 మేలో వచ్చింది. అప్పటికి ఆ కొడుకు ఇరవై దాటిన యువకుడు. సవ్యంగా నడిచే దారి అంత నిదానం.

మన దగ్గర పంపు అంటే లక్షల్లో మాట, నెలవారీ ఖర్చు అదనం. ముందు రెండేళ్లు ఇన్సులిన్ పెన్నులతో, సెన్సర్‌తో నడిపి, కప్పు అన్నంలో పిండిపదార్థం ఎంతో చూపుతోనే చెప్పగలిగే స్థాయికి పిల్ల రానివ్వండి. పంపు ఆగిపోతే నాలుగైదు గంటల్లోనే కీటోన్లు, అంటే రక్తాన్ని ఆమ్లంగా మార్చే పదార్థాలు, మొదలవుతాయి, ఎందుకంటే ఒంట్లో నిల్వ ఇన్సులిన్ ఉండదు. ఆ రోజు చేతికి పెన్ను తీసుకుని లెక్క కట్టుకోగల పిల్లకే పంపు భద్రం. అప్పటికి కూడా మీకు ఆసక్తి ఉంటే, పిల్లల హార్మోన్ల నిపుణులు ఉన్న చోట చూపించి, కంపెనీ తయారు చేసిన వ్యవస్థ గురించి అడగండి.

బడిలో చెప్పడం మరిచిపోకండి. క్లాసు టీచరుకు, ఆటల మాస్టారుకు ఒక్క పేజీ కాగితం రాసి ఇవ్వాలి: చక్కెర పడితే ఎలా కనబడుతుంది, ఏం ఇవ్వాలి, ఎవరికి ఫోను చేయాలి. పరీక్ష హాల్లోకి ఫోను రానివ్వరు కాబట్టి సెన్సర్ రీడరు, గ్లూకోజ్ వెంట ఉంచుకోవడానికి ముందే అనుమతి తీసుకోండి, డాక్టరుగారి ఉత్తరం జత చేయండి.

ఇన్సులిన్ నిల్వ సంగతి ఇద్దరికీ వర్తిస్తుంది. తెరవనిది ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టే అరకు దగ్గరగా పెట్టకూడదు, గడ్డకట్టినది పారేయాల్సిందే. వాడుతున్న పెన్ను చాలా రకాలకు 30 డిగ్రీల లోపు ఉంటే నాలుగు వారాలు ఉంటుంది. రకాన్ని బట్టి మారుతుంది కాబట్టి పెట్టె మీద చూసుకోండి. 1996 నవంబరు తుఫానును చూసిన కోనసీమ వాళ్లకు కరెంటు లేకుండా ఎన్నాళ్లు గడపాల్సి రావచ్చో నేను చెప్పనక్కర్లేదు. ఆ రోజులకు మట్టికుండ పనికొస్తుంది: కుండలో కుండ పెట్టి మధ్యలో తడి ఇసుక పోసి, పైన తడిబట్ట కప్పి, గాలి ఆడేచోట ఉంచాలి. మన తేమ గాలిలో నీరు నెమ్మదిగా ఆవిరవుతుంది కాబట్టి రాయలసీమలో చల్లబడినంత ఇక్కడ చల్లబడదు. అయినా గది వేడి కంటే కొన్ని డిగ్రీలు తక్కువే ఉంటుంది. పెన్నును ప్లాస్టిక్ సంచిలో చుట్టి లోపల పెట్టండి. పక్కన ఒక చిన్న థర్మామీటరు పడేసి ఉంచితే ఊహాగానాలు ఉండవు. నాన్నగారికి చెరువు దగ్గర పాకలో కూడా అదే ఏర్పాటు చేయండి. రేకుల కప్పు కింద మే నెల మధ్యాహ్నం గ్లార్జిన్ పెన్ను వదిలేస్తే, ఆ ఇన్సులిన్ పనిచేయక అంకెలు పెరిగితే, అందరూ ఆయన తిండిని తప్పుపడతారు.